దూరం అడగని బరువు

డాక్టరు చేతికి తొడుగు వేసుకుంటూ పక్కకు తిరిగి పడుకోమన్నాడు. మోకాళ్లు ఛాతీ వైపు మడవమన్నాడు. కొండ మడిచాడు. రెండేళ్ల క్రితమైతే ఆ మోకాళ్లు దారిలోనే పొట్టకు తగిలి ఆగిపోయేవి. ఇప్పుడు పొట్ట లేదు. అది ఉన్న చోట చర్మం మిగిలింది. పక్కకు తిరిగితే తనకంటే కాస్త ఆలస్యంగా అదీ తిరుగుతుంది.

"ఈ పరీక్ష ఇదివరకు చేయించుకున్నారా?"

"లేదండి."

"క్రేన్ ఆపరేటరు కదా మీరు. మీ కంపెనీ ఏటా క్యాంపు పెడుతుందిగా?"

"పెడుతుందండి. అందరికీ చేశారు. నాకూ మా బావకీ వద్దన్నారు."

"ఎందుకు?"

కొండ గోడ వైపు చూస్తూ చెప్పాడు. "వేలు అందదన్నారండి."

డాక్టరు నవ్వలేదు. ఆ రోజు క్యాంపులో మాత్రం నవ్వారు. తెర అవతల వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు, రాసుకునే నర్సు నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది కొండా, అతని బావా. ప్యాంటు విప్పకుండా బయటపడ్డామన్న సంతోషం అది. రక్తం మాత్రం తీసుకున్నారు. నంబరు వచ్చింది, మామూలే అన్నారు. ఇద్దరూ క్యాంటీన్‌కి వెళ్లి తిన్నారు.

పరీక్ష ఎంతోసేపు పట్టలేదు. లేచి బట్టలు వేసుకోమని డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రోస్టేట్ రక్తపరీక్షలో అప్పుడు మీకు వచ్చింది ఒకటిన్నర. ఇప్పుడు మూడున్నర."

"నాలుగు లోపు మామూలేనని చెప్పారండి."

"కాగితం మీద మామూలే. కానీ రెట్టింపు దాటింది. వేలికి ఒక పక్క కాస్త గట్టిగా తగిలింది కూడా. స్కానింగ్ చేద్దాం. అప్పుడు మీ బరువెంత?"

"నూట నలభై ఎనిమిది."

"ఇప్పుడు?"

"ఎనభై ఆరు." ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు మెచ్చుకుంటారు. డాక్టరు రాసుకున్నాడు, అంతే.

"బరువు తగ్గడానికి చేయించుకున్న కడుపు ఆపరేషన్ వల్ల వచ్చిందా సార్ ఇది?"

డాక్టరు తలెత్తాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో నర్సు తలుపు తోసి పక్క గదిలో ఎవరికో మూత్రం ఆగిపోయిందని చెప్పింది. "స్కానింగ్ అయ్యాక మాట్లాడుకుందాం" అని లేచి వెళ్లిపోయాడు.

*

క్రేన్ నిచ్చెన చుట్టూ మనిషి వెనక్కి పడకుండా ఇనుప కడియాలు ఉంటాయి. ఒకప్పుడు కొండ మూడో కడియం దగ్గర ఇరుక్కున్నాడు. పైకీ పోలేక, కిందికీ రాలేక, కింద నలుగురు కాళ్లు పట్టి లాగితే దిగాడు. ఆ రోజుతో అతన్ని క్రేన్ మీంచి తీసేసి స్టోర్లో కూర్చోబెట్టారు. నట్లు, బోల్టులు లెక్కపెట్టే పని. నిచ్చెన మళ్లీ ఎక్కాలనే అతను ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. జనం అనుకున్నట్టు ఆరోగ్యం కోసం కాదు.

ఇప్పుడు కడియాలకీ వీపుకీ మధ్య మూర ఖాళీ. ఎక్కి, క్యాబిన్ తలుపు మూసుకుని, కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా అద్దానికి అతికించిన పట్టిక ఉంది. ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక. క్రేన్ తన స్తంభం దగ్గర ఎత్తే బరువును చాచిన చేతి చివరకు తీసుకెళితే క్రేనే ఒరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు "ఎంత బరువు?" అని అడుగుతారు. పాతవాళ్లు "ఎంత దూరం?" అని అడుగుతారు.

కింద బావ నిలబడ్డాడు. కొండ అక్క మొగుడు. సైటులో సిగ్నల్ మనిషి. అంత ఎత్తు నుంచి చూస్తే మనుషులందరూ హెల్మెట్లే. బావ ఒక్కడే హెల్మెట్ చుట్టూ పొట్ట కూడా కనిపించే మనిషి. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. కొండ బరువు లేపాడు. బావ చెయ్యి చాచి పక్కకు తోశాడు. కొండ క్రేన్ తిప్పాడు. గోడ అవతల దించే బరువు పైనుంచి కనపడదు. అప్పుడు బావ చెయ్యే చూపు. బావ వేలు ఆగితే ఆగాలి. ఎందుకని అడగకూడదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

క్యాబిన్ నుంచి కనపడేది ఇంకోటి ఉంది. రేకుల వెనక సందు. బావ పూటకి చాలాసార్లు ఆ సందులోకి పోతాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి నిలబడతాడు. చాలాసేపు నిలబడతాడు. వచ్చేటప్పుడు నడుం మీద చెయ్యేసుకుని వస్తాడు. నీళ్లు తక్కువ తాగమని కొండ చాలాసార్లు ఎగతాళి చేశాడు.

పని ముగిశాక బావ రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకున్నాడు. అంతా ఆపు, కట్టిపెట్టు, ఇవాళ్టికి చాలు అని ఆ సైగకు అర్థం. కొండ కిందికి దిగేసరికి బావ ఇనుప కడ్డీల మోపు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

"ఈ ఆఖరి సైగ మార్చమని మేనేజరుకి చెప్పాలిరా. చేతులు కలవట్లేదు నాకు. పొట్ట అడ్డం."

"వచ్చే నెల నీకూ కడుపు ఆపరేషన్ అయ్యాక వెనక్కి కూడా కలుస్తాయిలే."

"అది సరే గానీ, డాక్టరు ఏమన్నాడు?"

కొండ చెప్పాడు. బావ తుండు మోకాలి మీద వేసుకున్నాడు.

"మూడున్నరా? నాది ఎంతో తెలుసా? రెండున్నర. నూట నలభై కిలోల మీద రెండున్నర." తన పొట్ట మీద చరిచాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. నీ పేరుకి తగ్గ సామెత చూడు."

"డాక్టరు అలా అనలేదు బావా."

"ఏమన్నాడు మరి?"

"ఏమీ అనలేదు. తర్వాత మాట్లాడదామన్నాడు."

"అంటే అదేగా. లేదనుకో, లేదని అక్కడే చెప్పేవాడు." బావ గొంతు తగ్గించాడు. "మా అన్న దేంతో పోయాడు? ఇదే, ప్రోస్టేట్ క్యాన్సరు. ఎలా ఉండేవాడు? పుల్ల. గాలొస్తే గోడ పట్టుకునేవాడు. పుల్లలకే వస్తుందిరా అది. నువ్వు నిక్షేపంలా ఉన్నవాడివి పోయి పుల్లవయ్యావు. కందిరీగల తుట్టె, దాని మానాన అది ఉంది. నువ్వు కదిపావు."

సేఫ్టీ ఆఫీసరు టోపీ సర్దుకుంటూ అటు వచ్చాడు. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిందట. పరీక్ష ఏదో మిగిలి ఉందట. అది తేలేదాకా పైకి వద్దన్నాడు.

"అది నిచ్చెన ఎక్కడానికి అడ్డం కాదు సార్."

"నాకు తెలుసు. రూల్ నేను రాయలేదు. కింద తాడు పట్టుకో. పైకి ఆ కొత్త కుర్రాడు వెళతాడు."

బావ లేచాడు. సందు వైపు నడుస్తూ వెనక్కి తిరిగి అన్నాడు. "నేను మాత్రం ఆపరేషన్ మానేస్తున్నా. మీ అక్కకి ఇవాళే చెబుతా."

*

అక్క చెప్పుల చప్పుడు మెట్ల మీదే వినపడింది. కొండ చిన్న గిన్నెలో ఉడికించిన గుడ్డు ముక్కలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్కో ముక్క మెత్తబడేదాకా నమలాలి. త్వరపడితే కడుపు తిప్పికొడుతుంది. అక్క ఎదురు కుర్చీలో కూర్చుని అతను నమలడం చూసింది.

"పిల్లి కూడా ఇంతకంటే ఎక్కువే తింటుందిరా."

"తిన్నావా వదినా? వడ్డించనా?" అని అడిగింది కొండ భార్య.

"నాకు ముద్ద దిగుతుందా? మంచిగా ఉన్న మనిషిని తీసుకెళ్లి కడుపు కోయించావు. ఇప్పుడు ఏమైంది? ఒక చోట కోస్తే ఇంకో చోట బయటపడింది."

"అక్కా, అది తెలియదింకా."

"నీకేం తెలుసు, కత్తి కింద మత్తుగా పడుకున్నవాడివి. దీన్ని అడుగుతున్నా నేను." మరదలి వైపు తిరిగింది. "మా ఇంటాయన్ని నేనూ పోరి పోరి ఒప్పించానా? నీ మాట వినే. నా అదృష్టం బాగుంది. ఇంకా టైముంది. ఆయన మానేశాడు, నేనూ సరేనన్నా. లావుగా ఉంటే ఉన్నాడు, ఇంట్లో ఉంటాడు."

కొండ భార్య అతని పని ప్యాంటు ఒళ్లో వేసుకుని నడుం దగ్గర కుట్టు విప్పుతోంది. ఏడాదిన్నరలో ఆ ప్యాంటు నడుం మూడోసారి లోపలికి పడుతోంది. దారం తెంపి, గుడ్డ మడిచి, సూది గుచ్చింది. అక్క వెళ్లేదాకా తలెత్తలేదు.

వెళ్లాక అడిగింది. "మీరూ అలాగే అనుకుంటున్నారా?"

లేదనాలని అతనికి తెలుసు. నోట్లో ఉన్న ముక్క నమిలాడు. మింగాడు. అప్పటికి లేదనే మాట చెప్పాల్సిన సమయం దాటిపోయింది.

"ఆ ఒకటిన్నర ఉన్నప్పుడు బాగుండేది" అన్నాడు.

"ఆ ఒకటిన్నర ఉన్నప్పుడు మీరు పడుకుంటే గురక మధ్యలో ఊపిరి ఆగేది. మళ్లీ ఎప్పుడు వస్తుందా అని నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. నాకు ఒకటిన్నర గుర్తులేదు. అది గుర్తుంది."

అల్మరా కింది అరలో పాత చొక్కాలు ఉన్నాయి. పారేయొద్దని అతనే చెప్పాడు. ఆమె పక్క గదిలోకి వెళ్లాక ఒకటి తీసి తొడుక్కున్నాడు. లోపల ఇంకో మనిషికి చోటుంది. బొత్తాలు పెట్టుకుని కాసేపు మంచం మీద కూర్చున్నాడు. తిరిగి అందులోకి పోయే దారి లేదు. దీంట్లోంచి బయటికి పోయే దారీ కనపడలేదు.

*

స్కానింగ్ గదిలో బల్ల మీద పడుకోబెట్టి, చేతికి రబ్బరు బుడగ ఇచ్చారు. భయమేస్తే నొక్కమన్నారు. బల్ల గొట్టంలోకి జరిగింది. ముక్కుకి జానెడు పైన గొట్టం పైకప్పు. భుజాలు రెండూ గోడలకి తగులుతున్నాయి. అతనికి మూడో కడియం గుర్తొచ్చింది. బుడగ మీద వేళ్లు బిగిశాయి, నొక్కలేదు. మిషన్ సుత్తితో రేకు మీద కొట్టినట్టు కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. కదలొద్దని ఎవరో మైకులో చెప్పారు. కదలడానికి చోటుంటే కదా అనుకున్నాడు.

ఒక రోజు ఆగి డాక్టరు పిలిచాడు. భార్య కూడా వచ్చింది. డాక్టరు తెర తిప్పి చూపించాడు. బూడిదరంగు కాయలాంటి దాన్లో ఒక పక్క శనగగింజంత మచ్చ.

"ఇది ఏమిటో సూదితో చిన్న ముక్క తీసి చూస్తేగానీ చెప్పలేం. చెడ్డదే అయినా చిన్నది. కాయ లోపలే ఉంది. ఈ దశలో దొరికితే చెయ్యడానికి చాలా ఉంటుంది."

కొండ భార్య చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "డాక్టరుగారూ, ఒక్కటి చెప్పండి. కడుపు ఆపరేషన్ చేయించకపోతే ఇది వచ్చేది కాదా?"

"ఇది నిన్న మొన్న వచ్చింది కాదమ్మా. అప్పుడూ ఉండే ఉంటుంది. కనపడలేదు." డాక్టరు బల్ల మీదున్న గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "పెద్ద ఒంట్లో రక్తంలో నీరు ఎక్కువ. ఈ గ్రంథి వదిలే పదార్థం అందులో పలచబడిపోతుంది. ఒక చుక్క సిరా గ్లాసులో వేస్తే రంగు తెలుస్తుంది. బకెట్టులో వేస్తే తెలియదు. ఆయన అప్పటి ఒకటిన్నర, బకెట్టులో కొలిచిన ఒకటిన్నర. బరువు తగ్గగానే నంబరు పెరగడం చాలామందిలో చూస్తాం. పెరిగిన ప్రతివాడికీ జబ్బు ఉన్నట్టు కాదు. కానీ అప్పుడు బాగున్నట్టూ కాదు. వేలితో చూసే పరీక్ష కూడా వదిలేశారంటున్నారు. రెండేళ్ల క్రితం ఈ మిషన్లో మీరు పట్టేవారా?"

"బల్లే మొయ్యదండి."

"మరి?"

కొండ తెర మీది మచ్చ వైపు చూస్తున్నాడు. "అయితే సార్, లావుగా ఉన్నవాడికి రెండున్నర వస్తే?"

"ఎంత లావు?"

ఆ ప్రశ్న విని కొండ తల తిప్పాడు. ఎంత బరువో చెప్పగానే ఎంత దూరమని అడిగే మనుషుల్లో తానూ ఒకడు. ఇరవై ఏళ్లు అలా అడిగి బతికాడు. క్యాంపులో నంబరు చేతికిస్తే మాత్రం అడగలేదు. బావా అడగలేదు. అన్నం తినడానికి పోయారు.

"నూట నలభై. మా బావ. ఆయన అన్న ఇదే జబ్బుతో పోయాడు. మాటిమాటికీ మూత్రానికి పోతాడు. నడుం పట్టుకుంటాడు."

డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "మూత్రం సంగతి వయసు వల్ల కావచ్చు, నడుం బరువు వల్ల కావచ్చు. ఊహించను. కానీ ఆయన్ని తీసుకురండి. మీ సూది పరీక్ష వచ్చే వారం. ఆయన్ని అంతదాకా కూడా ఆపొద్దు."

ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి బావకి ఫోన్ చేశాడు.

"ఏమంది నీ మిషను?"

"మచ్చ ఉందంది."

బావ గొంతు మెత్తబడింది. "చూశావా. నే చెప్పలా?"

"బావా, డాక్టరు నిన్ను రమ్మన్నాడు. నీ రెండున్నర సరైంది కాదంట."

"నాకొద్దురా. నువ్వు వెళ్లావు, వాళ్లు వెతికారు, దొరికింది. నేను వెళితే నాకూ వెతుకుతారు. నువ్వు జాగ్రత్తగా ఇంటికి పో."

ఫోన్ పెట్టేశాడు. ఏం చెప్పినా ఇక తన జబ్బే బావకి సాక్ష్యం.

*

మర్నాడు సైటులో కొండ తాడు పట్టుకున్నాడు. ఎత్తిన బరువు గిరగిర తిరగకుండా కింద నుంచి తాడుతో పట్టి ఉంచాలి. పైన క్యాబిన్లో కుర్రాడి హెల్మెట్ పసుపుచుక్కలా ఉంది. బావ ఎప్పటిలాగే ముందు నిలబడి సైగలు చేస్తున్నాడు. కొండ వైపు చూడట్లేదు. పొద్దుటి నుంచీ రెండుసార్లు కొండ మాట ఎత్తాడు. మొదటిసారి "పని చూడు" అన్నాడు. రెండోసారి వినపడనట్టు ఈల వేశాడు.

కడ్డీల మోపు కట్టారు. బావ వేలు తిప్పబోతూ ఆగి, "ఒక్క నిమిషం" అని సందులోకి పోయాడు. అందరూ ఎదురుచూశారు. కింద నిలబడితే సందు కనపడదు. ఇంతసేపు పడుతుందని కొండకు పైనుంచి చూసిన అలవాటుతో తెలుసు. మిగతావాళ్లకి తెలియదు. ఒకడు విసుక్కున్నాడు. బావ నడుం మీద చెయ్యేసుకుని వచ్చాడు, చెయ్యి తీసేశాడు, వేలు పైకెత్తి తిప్పాడు.

మోపు నేల విడిచింది. మనిషి ఎత్తు లేచింది.

కొండ తాడు పక్కవాడి చేతిలో పెట్టాడు. ముందుకు నడిచి, బావ పక్కన, పైకి కనపడేలా నిలబడి, రెండు చేతులూ బారుగా చాచి ఆడించాడు.

ఆ సైగ ఎవరైనా చెయ్యొచ్చు. మేనేజరైనా, ఊడ్చేవాడైనా. చేసింది ఎవరని చూడకుండా పైవాడు ఆపాలి. ప్రాణాపాయం అంటేనే చెయ్యాలి. కుర్రాడు ఆపాడు. మోపు గాల్లో అటూ ఇటూ ఊగి నిలిచింది. సైటంతా ఇటు తిరిగింది.

"ఏం కనపడింది?" బావ మోపు వైపు, తాడు వైపు, కొక్కెం వైపు గబగబా చూశాడు. "ఏంట్రా? ఎక్కడ?"

"బావా, ఈ మోపు ఎంత బరువు?"

"రెండు టన్నులు. ఏమైంది దానికి?"

"ఎత్తొచ్చా?"

"ఎంత దూరానికని... నీకు మతిపోయిందా? అందరూ చూస్తున్నారు."

"నీ రెండున్నరకి దూరం ఎవరు అడిగారు బావా? నువ్వు అడిగావా? నేను అడిగానా? వేలు అందదంటే ఇద్దరం నవ్వుకుంటూ తిండికి పోయాం."

సేఫ్టీ ఆఫీసరు దూరం నుంచి వస్తున్నాడు. ఉత్తపుణ్యానికి ఆ సైగ చేసినవాడికి సైటులో చోటుండదు. అది ఇద్దరికీ తెలుసు.

"చేతులు దించరా. పైకి పంపరు నిన్ను మళ్లీ. దీనికోసమా నువ్వు కడుపు కోయించుకుంది?" బావ గొంతు చిన్నదైంది.

"కనపడనప్పుడు నీ చెయ్యి చూసే కదా దించాను ఇన్నేళ్లూ. ఎందుకని ఒక్కసారైనా అడిగానా? ఇప్పుడు నీకు కనపడట్లేదు. నాకు కనపడుతోంది."

బావ ఈల నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు. వేలాడుతున్న మోపు వైపు చూశాడు. అటే చూస్తూ అన్నాడు.

"వాళ్లు వెతికితే దొరుకుతుందేమోరా."

"దొరకొచ్చు."

"మా అన్నకి చాలా నొప్పి ఉండేది."

కొండ చేతులు దించలేదు. భుజాలు లాగుతున్నాయి.

సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. "ఎవరు ఆపారు? ఎందుకు?"

"నేనే ఆపమన్నా సార్" అన్నాడు బావ. "నాకు ఒంట్లో బాగాలేదు. సిగ్నల్ సరిగా ఇవ్వలేను."

కొండ చేతులు కిందికి వచ్చాయి.

బావ పైకి చూసి, వేలు నేలకు చూపించి మెల్లగా తిప్పాడు. మోపు దిగింది. కడ్డీలు నేలని తాకి చప్పుడు చేశాయి. కొక్కెం తప్పించారు. ఖాళీ కొక్కెం పైకి పోయేదాకా బావ చూశాడు. తర్వాత రెండు చేతులూ పొట్ట ముందుకి తెచ్చాడు. అవి కలవలేదు. ఊపిరి లోపలికి పీల్చి, భుజాలు ముందుకు వంచి, వేళ్లు వేళ్లకి తగిలించి, పైవాడు చూసేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.